ఎవరూ కూర్చోని చాట

నా చిన్నప్పుడు నిజామాబాద్‌లో మా వాడకట్టంతా బీడీలు చేసేవాళ్లే. మా ఇంట్లో నేను కత్తెరతో ఆకు కోసేదాన్ని, అవ్వ (అమ్మను అలాగే పిలిచేవాళ్లం) ఆకూ తంబాకూ పెట్టుకున్న చాట ముందు కూర్చుని చుట్టేది, చెల్లెలు మూతి మడిచేది. అవ్వది ఒకటే పట్టు. పొద్దుగూకేసరికి కోసిన ఆకు మిగలకూడదు, మూతి మడవని బీడీ మిగలకూడదు. ఆకు ఎండితే విరుగుతుంది, మూతి తెరిచి ఉంటే తంబాకు రాలుతుంది.

ఇంటర్‌లో నేను లెక్కల పరీక్ష తప్పాను. మూడు సమీకరణాలిచ్చారు, కుడివైపు అన్నీ సున్నాలే. సున్నా కాని జవాబు ఉందో లేదో చెప్పమన్నారు. అన్నిటికీ సున్నా పెడితే సరిపోతోంది కదా అని అదే రాసి దర్జాగా బయటికొచ్చాను. ఇంకోసారి తప్పితే చదువు బంద్ అన్నాడు నాన్న, మా బాపు. నేనూ బీడీలు చుట్టడానికి కూర్చోవాల్సి వస్తుందని అవ్వ అప్పుడే నాకొక కొత్త చాట కూడా తెచ్చిపెట్టింది. దాన్ని చూస్తే ఏడుపొచ్చేది.

డిగ్రీలో లెక్కలు చదివే పక్కింటి అక్క సాయంత్రాలు నాకు చెప్పడానికి వచ్చేది. ఒకరోజు ఆమె వచ్చేసరికి మా చెల్లెలు అలిగి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను గంటసేపు కోసిన ఆకు అవ్వకు మూడు గంటలు వచ్చేది. ఆ మూడు గంటల బీడీలకు మూతి మడవాలంటే చెల్లెలికి రెండు గంటలు పట్టేది.

"అక్కకు గంటేంది, నాకు రెండు గంటలేంది? ఇద్దరికి సమానం ఉండాలె," అంది చెల్లెలు.

పక్కింటి అక్క నవ్వి నావైపు తిరిగింది. "గిదే నీ పరీక్షల లెక్క. ఆకు మిగలొద్దు, బీడీ మిగలొద్దు, మీ ఇద్దరి గంటలు సమానం ఉండాలె. ఎవరెవరు ఎన్ని గంటలు చేస్తే కుదుర్తదో సూడు."

ఎన్ని వేసి చూసినా కుదరలేదు. చివరికి, ఎవరూ పని చెయ్యకపోతేనే కుదురుతుందన్నాను.

"నిజమే, గప్పుడు ఏదీ మిగలది. మరి అవ్వ చాట ముందల ఎందుకు కూసున్నట్టు?" అంది అక్క.

తర్వాత సమానం అన్న షరతు తీసేసి, చెల్లెలి గంటలు నా గంటలకు రెట్టింపు అని పెట్టమంది. చూస్తే అది కొత్త షరతే కాదు, మొదటి రెండింటిలో ఇమిడి ఉన్నదే. ఇక నేను ఒక గంట కోసినా, రెండు గంటలు కోసినా మిగతా ఇద్దరి లెక్క దానంతటదే కుదిరింది. సమీకరణాల్లోని అంకెలను వరసల్లో పేర్చి కట్టే నిర్ధారకం సున్నా అని పుస్తకంలో రాసింది దీన్నే అని అక్క చెప్పింది. ఒక షరతు మిగతావాటిలోంచే వస్తే సున్నా కాని జవాబుకు చోటుంటుంది. మూడూ వేటికవే అయితే సున్నాలే గతి. చెల్లెలి అలక తీరడానికి మర్నాటి నుంచి పనులు మార్చుకుంటూ చేశాం.

మళ్లీ రాసిన పరీక్షలో అలాంటి లెక్కే వచ్చింది. నిర్ధారకం కడితే సున్నా తేలింది, సున్నా కాని జవాబు ఉందని రాశాను. పరీక్షలో సున్నాను చూసి అంత సంబరపడ్డది నేనొక్కదాన్నేనేమో. పాసయ్యాను. ఆ కొత్త చాటలో అవ్వ బియ్యం చెరుక్కుంది.

బోధన్‌లో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అన్నీ సున్నాలు పెట్టి లేచిపోయే పిల్లలను మళ్లీ కూర్చోబెట్టేదాన్ని. ఇప్పటికీ ఏదైనా పని కుదరదని ఎవరైనా చేతులెత్తేస్తే, పెట్టిన షరతుల్లో నిజంగా కావలసింది ఏది, మా చెల్లెలి అలక ఏది, అదే ముందు చూస్తాను.