తిరుగు ఖర్చు

మహబూబాబాద్ దగ్గరి గూడూరులో కాపురం పెట్టినప్పుడు మా ఖర్చుల చిట్టాలో మొదట రాసుకున్నది బియ్యం కాదు, అద్దె కాదు, వెనక్కి వెళ్లిపోవడానికి కావలసిన డబ్బు. దానికి నేనే తిరుగు ఖర్చు అని పేరు పెట్టాను. జీతాలు చేతికి రాగానే ముందు పదిహేను వందలు తీసి ట్రంకుపెట్టె అడుగున చీర మడతలో పెట్టేదాన్ని. మిగతావన్నీ ఆ తర్వాతే. మా ఆయన నవ్వేవాడు. "దినం ఖర్చులు ముందే దాచుకునే ముసలమ్మలా ఉన్నావే" అనేవాడు. నవ్వితే నవ్వాడు గానీ, రోజుకోసారి ఆ మడత తడిమి చూసుకుంటే తప్ప నాకు అన్నం సయించేది కాదు.

మాది కృష్ణా డెల్టా. ఇద్దరం టీచర్లం, కులాలు వేరు. పెళ్లి చేసుకున్నాక రెండిళ్ల తలుపులూ మూసుకున్నాయి. అడవి అంచున ఎక్కడో ఒక మండలంలో, భార్యాభర్తలిద్దరికీ ఒకే బళ్లో ఉద్యోగాలిస్తారని విని, ఒక ట్రంకుపెట్టె, రెండు సంచులతో రైలెక్కాం. దిగాల్సిన మహబూబాబాద్‌ను అక్కడివాళ్లు మానుకోట అంటారని కూడా తెలియదు మాకు. ఆయనకు ఏడు వేలు, నాకు ఐదు. వెనక్కి వెళ్లాలంటే అసలెక్కడికి వెళతామని ఆయన ఒకసారి అడిగాడు. అయినా నేను డబ్బు దాచడం మానలేదు.

మేం వచ్చిన ఏడాది ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్డు మీదే ఉన్నాయి. మండలాఫీసు ఎదురుగా టెంటు, టెంటులో రోజూ కొందరు దీక్షలో కూర్చునేవారు, పొద్దు గూకేదాకా డప్పూ పాటా. నోరు విప్పితే మేం ఎక్కడివాళ్లమో తెలిసిపోతుంది కాబట్టి బజారులో నేను వేలితో చూపించి కొనేదాన్ని. కాళ్లు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని ఆ రెండు గదుల్లో. గోడకు ఒక మేకు కొట్టనివ్వలేదు. బట్టలు పెట్టెలోంచే తీసి కట్టుకుని, ఉతికి మళ్లీ పెట్టెలోనే పెట్టేదాన్ని. ఏ జీపు ఆగిన చప్పుడైనా లేచి కిటికీ దగ్గరికి వెళ్లేదాన్ని.

ఊరుకాని ఊళ్లో బతకడానికి ఎంతవుతుందో మాకెవరూ చెప్పలేదు. రేషను కార్డు లేదు కాబట్టి కిరసనాయిలు రెట్టింపు ధర. గ్యాసు బండ నర్సంపేట నుంచి ఆటోలో తెప్పించుకుంటే ఆటోకే సగం పోయేది. రెండు నెలలు చూసి కట్టెల పొయ్యి పెట్టాను. తండా నుంచి ఒక లంబాడీ ఆమె వారానికో మోపు తెచ్చి వేసేది. "కూరగాయలు అంగట్ల కొను టీచరమ్మా, అగ్గువ" అని ఆవిడే చెప్పింది. మా వైపు అంగడి అంటే దుకాణం. నేను ఉన్న దుకాణాలన్నీ తిరిగి, ముదిరిపోయిన బెండకాయలకు ఎక్కువ డబ్బిచ్చి, చవకంటే ఇదా, ఇదేం అగ్గువ అని తిట్టుకుంటూ వచ్చేదాన్ని. వాళ్లకు అంగడి అంటే వారపు సంత అని, అది బడి వెనక వీధిలోనే జరుగుతుందని తెలిసేసరికి దసరా దగ్గరపడింది. ఆ దెబ్బకు బుద్ధి రావాలి. రాలేదు. పైగా పిల్లల రాత పుస్తకాల్లో వాళ్ల మాటలు కనిపించినచోటల్లా ఎర్రసిరాతో గీతలు పెట్టి, మా మాటలు రాసేదాన్ని. శుద్ధమైన తెలుగు నేర్పుతున్నానని నా నమ్మకం.

మా ఇంటి యజమాని దర్జీ. ముస్లింలు. వయసు మళ్లిన దంపతులు, పిల్లలు సూరత్‌లో పనిచేసేవారు. ముందు గదుల్లో వాళ్లు, వెనక రెండు గదుల్లో మేము, నెలకు ఎనిమిది వందలు. ఆయన్ను ఊరంతా చాచా అనేది, ఆవిడను ఖాలా. చాచా పగలంతా అరుగు మీద మిషను తొక్కేవాడు. ఆ రోజుల్లో కుట్టేవి ఎక్కువ జెండాలే. నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులుండేవి, అందుకే మాట కూడా పొదుపుగా వచ్చేది. సాయంత్రం మిషను మూసి టెంటుకు వెళ్లి కూర్చునేవాడు. జెండాలు కుట్టే ఇంట్లో అద్దెకున్నామని తలుచుకుని పగలు కూడా తలుపుకు గడియ పెట్టేదాన్ని.

దసరా ముందే సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి. ఫీజులు రావడం లేదు కాబట్టి సగం జీతమే అన్నారు బడివాళ్లు. చేతికి ఆరు వేలొచ్చాయి. అప్పుడైనా ఆ దాచుడు మానమన్నాడు ఆయన. నేను పదిహేను వందలను రెండున్నర వేలు చేశాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అవసరమొస్తుంది అది? పాలు పావులీటరుకు దింపాను. పప్పు వారానికి రెండుసార్లు. మిగతా రోజులు చారు, మజ్జిగనీళ్లు. కాఫీ పూర్తిగా మానేశాం. మా ఆయన ప్యాంట్లు వదులై బెల్టుకు కొత్త కన్నం పడింది.

ఒకరోజు మా వీధిలో ఊరేగింపు వెళ్లింది. వలసొచ్చినవాళ్లు వెళ్లిపోవాలని నినాదాలు. అందులో నా ఏడో తరగతి పిల్లలు కూడా ఉన్నారు. నన్ను కిటికీలో చూసి ఒక పిల్ల నినాదం మధ్యలో ఆపి, "గుడీవినింగ్ మేడం" అని, మళ్లీ అందుకుంది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ మర్నాడే మొదలైంది అసలు కథ. ఆయన నీళ్ల బిందెతో వస్తుంటే చాచా మిషను ఆపి, సూదులు పళ్ల మధ్యనే ఉంచుకుని, "సారూ, ఎల్తాందా?" అని అడిగాడట.

ఆయన లోపలికొచ్చి బిందె దించాడు. "నువ్వు ఊరొదిలి వెళ్తున్నావా అని అడుగుతున్నాడు" అన్నాడు.

"నేనా? మీరేమన్నారు?"

"వెళ్లదు, ఎక్కడికీ వెళ్లదు అని గట్టిగానే చెప్పాను."

ఆ పూట మా ఆయన్ని చూసి గర్వపడ్డాను. మర్నాడు కట్టెలామె మోపు దించి, నా మొహంకేసి చూసి, "ఎల్తలేదా టీచరమ్మా?" అంది. ఒళ్లు మండింది. ఈవిడ కూడానా? పైగా వెళ్లడం లేదా అండీ అని కాదు, అదేదో పశువు గురించి అడిగినట్టు ఎల్తలేదా అట. "లేదు!" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనకుండా చీరె చెంగులో ఉన్న చింతకాయలు అరుగు మీద పోసి వెళ్లిపోయింది. డబ్బు కూడా అడగలేదు. వదిలించుకోవడానికి ఏదో ఒకటి చేతిలో పెడతారు కదా, అలా తోచింది నాకు.

నెల మొదట్లో ఆయన అద్దె ఇవ్వబోతే చాచా చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడొద్దు సారూ, ఉండనియ్యి" అన్నాడు. మా మేనమామ వకీలు దగ్గర గుమాస్తా. ఇంటివాడు అద్దె తీసుకోవడం మానేశాడంటే ఖాళీ చేయించబోతున్నట్టే అని ఆయన వందసార్లు చెప్పగా విన్నాను. రెండో నెలా అంతే. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే అనుకున్నాను. ఆ నెల్లో మేమిద్దరం సరిగా నిద్రపోలేదు. మాట్లాడుకుంటే పోట్లాట, మాట్లాడుకోకపోతే ఆ మిషను చప్పుడు. ఆయన ఉందామనేవాడు. ఇంకొకళ్లు మెడపట్టి గెంటేదాకా ఉండమంటావా అని నేను. మాకు ఆ రెండు గదులు తప్ప భూమ్మీద ఇంకో చోటు లేదని ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ పోట్లాటలు అంత ఘోరంగా ఉండేవి.

బళ్లు తెరిచిన వారం, ఖాలా ఒక గిన్నెలో పప్పూ, గుడ్డలో చుట్టిన నాలుగు జొన్నరొట్టెలూ పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. మా వైపు ఇల్లు ఖాళీ చేసే రోజున, పొయ్యి కూడా కట్టేసి ఉంటారని పక్కింటివాళ్లు అన్నం పెడతారు. నాకు ఠక్కున గుర్తొచ్చింది అదే. "మాకొద్దు. మీ రొట్టెలు మాకేం అక్కర్లేదు" అని ఆవిడ మొహం మీదే తలుపు వేశాను. గిన్నె గడప మీద పెట్టి వెళ్లిన చప్పుడైంది. చీకటి పడేదాకా నేను తలుపు తీయలేదు. తీసేసరికి గిన్నె లేదు.

ఆ రాత్రే మా ఆయన్ని ఒప్పించాను. ఆదివారం ట్రాలీ ఆటో మాట్లాడి మానుకోట చేరడం, అక్కడి నుంచి ఏ రైలు దొరికితే అది. ఏ ఊరు వెళ్తామో మాత్రం ఇద్దరం అనలేదు.

శుక్రవారం ఏడో తరగతిలో ఇంగ్లీషు పాఠం. బోర్డు మీద ఇనఫ్ అనే మాట రాసి, దీన్ని తెలుగులో ఏమంటారో చెప్పమన్నాను. సరిపోవడం అని నేనే చెప్పాను. రెండో బెంచీలో పిల్ల, ఊరేగింపులో నాకు గుడీవినింగ్ చెప్పిన పిల్లే, లేచి నిలబడింది.

"ఎల్లుడు, మేడం."

"వెళ్లుడు కాదు, వెళ్లడం. దాన్ని ఇంగ్లీషులో గో అంటారు" అన్నాను.

తరగతంతా నవ్వింది. ఆ పిల్ల కూర్చోలేదు. "గో కాదు మేడం. ఎల్లుడే. పైసలు ఎల్తలేవు అంటరు గద? బియ్యం ఎల్తలేవు. మా అవ్వ అంటది, గీ పూటకు ఎల్తే సాలని."

"ఎల్తాందా అంటే?" అని అడిగాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

"ఇల్లు నడుస్తాందా, పైసలు సరిపోతున్నయా అని, మేడం."

ఆ పిల్లను కూర్చోమని చెప్పడం కూడా మరిచి నేను కూర్చున్నాను. బల్ల మీద రాత పుస్తకాల కట్ట ఉంది. తీసి తిరగేశాను. మూడు పేజీలు కూడా తిప్పక ముందే దొరికింది: కూలి పైసలు ఎల్తలేవని ఒక పిల్లవాడు రాసిన వాక్యం. నా ఎర్రసిరాలో దాని మీద, వెళ్లడం లేదు.

మీ సంసారం గడుస్తోందా అని చాచా అడిగితే, గడవదు, ఏ మూలకూ చాలదని మా ఆయన గట్టిగా చెప్పొచ్చాడన్నమాట. చాలడం లేదా అని కట్టెలామె అడిగితే లేదని నేనే ఒప్పుకున్నాను. అందుకని అద్దె తీసుకోలేదు వాళ్లు. అందుకని చింతకాయలు, రొట్టెలు. పెట్టెలో ఎనిమిది వేలకు పైగా పెట్టుకుని, ఊరి చేత జాలిపడించుకుంటూ, ఆ ఊరినే తిట్టుకుంటూ కూర్చున్నాను నేను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

బడి వదలగానే ఇంటికొచ్చి, చీర మడతలోంచి రెండు నెలల అద్దె తీసుకుని ముందు గదిలోకి వెళ్లాను. చాచా టెంటుకు వెళ్లినట్టున్నాడు. ఖాలా చేటలో కందిపప్పు ఏరుతోంది. నోట్లు చేట పక్కన పెట్టాను.

"గిదెందుకు బిడ్డా ఇప్పుడు? సారుకు ఎల్తలేదంట గద" అంది.

"ఎల్తది ఖాలా" అన్నాను. ఆ మాట నా నోట మొదటిసారి వచ్చింది. "ఆ రోజు నేను తలుపు వేసేశాను..."

"ఏసినవ్." ఆవిడ ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "నేనేమనుకోలే. కడుపు కాలినోళ్లకు కోపం జర ఎక్కువుంటది. మేం సూడని ఆకలా? నేను గూడ గట్లనే ఏసిన ఒకప్పుడు, మా ఆడిబిడ్డ అన్నం తెస్తే."

కడుపు కాలి కాదు ఖాలా, మీరు మమ్మల్ని వెళ్లగొడుతున్నారని. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. నిజం చెప్పి క్షమించమని అడగడానికే కదా వచ్చాను. కానీ ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. రెండు నెలలుగా నా ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అని చూసుకుంటున్న మనిషి. ఆమెను నేనేమనుకున్నానో తెలిస్తే ఆ కళ్లు ఎలా మారతాయో చూడలేననిపించింది.

"అవును ఖాలా, ఆకలే" అన్నాను.

ఆవిడ చేట పక్కకు జరిపి లోపలికి వెళ్లి రొట్టె, తొక్కు పచ్చడి తెచ్చి నా ముందు పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. ఆదివారం ట్రాలీ ఆటో రాలేదు, వద్దని చెప్పేశాం. రాష్ట్రం వచ్చాక కూడా మూడేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆ రెండు నెలలూ మేం పస్తులున్నామని ఖాలా చనిపోయేదాకా నమ్మింది, వచ్చిన చుట్టాలకు చెప్పి జాలిపడేది. ఆ నెలల్లో ఆవిడ గురించి నేనేం నమ్మానో చెప్పే ధైర్యం నాకు ఒక్కనాడూ రాలేదు.