తాడు దాచిన చోట్లు

మొన్న ఆదివారం మా మనవడి భార్య ఇక్కడ ఫిజీలో లబాసా బజారు నుంచి నీలం రంగు నైలాను తాడు కొనుక్కొచ్చి పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టి పిల్లల బట్టలు ఆరేసింది. సాయంత్రం ఆమె బట్టలు లోపలికి తీసుకుపోగానే నేను వెళ్ళి ముళ్ళు విప్పి, తాడు చుట్టచుట్టి, వంటింట్లో బియ్యం డబ్బా వెనక పెట్టాను. మర్నాడు ఇల్లంతా వెతికి నా మంచం దగ్గరికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "తాతా, రస్సీ మళ్ళా ఎక్కడ దాచినావు? కపడా అంతా గీలా ఉంది," అంది. ఆ పిల్లకి వచ్చిన తెలుగు అంతే, తాడూ తడిబట్టలూ హిందీలోనే వస్తాయి. ఆ మాత్రమైనా నా కోసమే మాట్లాడుతుంది, సంతోషం. ఎనభై దాటిన ముసలాడి చాదస్తమని ఇంట్లో నవ్వుకుంటారు. నవ్వుకోనిస్తాను. మా వంశంలో ఎవరూ తమ పనికి సంజాయిషీ చెప్పుకున్నవాళ్ళు కారు. కానీ ఈ ఒక్క సంగతి కాగితం మీద పెట్టి పోవాలనిపిస్తోంది. ఆ తాడు కథలో అసలు మనిషి నేను కాదు, మా అక్క.

మాది విశాఖపట్నం వైపు సముద్రానికి దగ్గర్లో ఒక ఊరు. పేరు రాయను. రాస్తే ఆ ఊరివాళ్ళు సిగ్గుపడతారో నేను సిగ్గుపడతానో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. మా తాతగారు వీధిలోకొస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. "మన ఇంటివాళ్ళ వెన్ను దేవుడి ముందు, తల్లి ముందు తప్ప వంగదురా" అనేవారాయన. నాన్నగారి హయాంలో దాయాదులతో వ్యాజ్యం పెరిగి పెరిగి మద్రాసు దాకా వెళ్ళి అక్కడ మునిగింది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నగారు ఆ దిగులుతో పోయారు. భర్త పోయి పుట్టింటికి చేరిన అక్కకి ఆ పుట్టిల్లు కూడా లేకుండా పోయింది. అప్పుడు పట్నంలో ఒక పెద్దమనిషి కనబడి, సముద్రం అవతల దీవిలో కూర్చుని చేసే ఉద్యోగం ఉందన్నాడు. కూర్చుని అన్న మాట ఒక్కటే నాకు వినపడింది. అయిదేళ్ళ గిరిమిట్, అంటే కూలి ఒప్పందం, ఆ కాగితం మీద అక్క వేలిముద్ర వేసింది, నేను తలపాగా సర్దుకుని దర్జాగా సంతకం చేశాను. ఇక్కడి వాయినికోరో అనేచోట చెరకు తోటలోకి దిగాక తెలిసింది, ఇక్కడ ఉన్నదంతా వంగి చేసే పనేనని.

కూలీ లైన్లంటే పొడుగాటి రేకుల కొట్టం. బల్లలతో చిన్న చిన్న గదులుగా విడగొట్టారు కానీ ఆ బల్లలు కప్పు దాకా వెళ్ళవు. పక్కగదిలో మిరపకాయ మాడితే మన గదిలో తుమ్ములు. పొద్దున్నే కూలీల మీద పెత్తనం చేసే సర్దారు ఒక్కొక్కరికీ ఇన్ని చాళ్ళని కొలిచి ఇచ్చేవాడు. దాన్ని టాస్కు అనేవాళ్ళం. పొద్దుగూకేలోగా ఆ చాళ్ళలో కలుపంతా తీయకపోతే పడిన కష్టం దండగ, ఆ రోజు చేసినట్టే కాదు. మొదటి నెలంతా నేను ఒక్క టాస్కూ ముగించలేదు. నిటారుగా నిలబడి పారతో గీరేవాణ్ణి. దుమ్ము లేచేది, గడ్డి లేచేది కాదు. తలెత్తి చూస్తే నా ముందున్న చాలు ఏటి ఒడ్డు దాకా సాగి సాగి ఉండేది. చూశాక మళ్ళీ పార దించబుద్ధయ్యేది కాదు.

ఆ రోజుల్లోనే మాతో ఒకే ఓడలో వచ్చిన ఒకాయన, దారంతా అందర్నీ నవ్వించిన మనిషి, ఒక ఉదయం పనికి రాలేదు. తోట చివర మామిడిచెట్టు దగ్గర దొరికాడని చెప్పి ఊరుకున్నారు. ఎలా అని ఎవరూ అడగలేదు. ఎందుకని అడగాల్సిన పనే లేదు. సాయంత్రం గదిలోకి రాగానే నా చూపు మేకుకి వేలాడుతున్న తాడు మీద పడింది. ఆదివారాలు కట్టెల మోపు కట్టుకోవడానికి, దగ్గరి ఫిజీ పల్లెలో పేనిన కొబ్బరిపీచు తాడు. ఆ తరవాత నా చూపు అక్క మీద పడింది. అక్క పది రోజులుగా సరిగ్గా మాట్లాడటంలేదు. తన కంచంలో అన్నం నా కంచంలోకి తోసేస్తోంది. ఉన్న రెండు మంచి చీరల్లో ఒకటి పక్కగదిలో అందరూ అత్త అని పిలిచే ఆమెకి ఇచ్చేసింది. పోవాలనుకున్నవాళ్ళే వస్తువులు పంచిపెడతారని మా నానమ్మ అనేది. అడుగుదామంటే, అశుభం నోటితో అంటే జరుగుతుందని భయం. తాడు తీసి బియ్యం బస్తా కింద పెట్టాను.

మర్నాడు చూస్తే అక్కడ లేదు. పొయ్యి వెనక కట్టెల కింద ఉంది. అక్క వెతికి పట్టుకుందన్నమాట. ఈసారి దూలం మీదికి విసిరాను. రెండు రోజులకి ఖాళీ కుండలో, చింతపండు మూట కింద దొరికింది. ఆదివారం వస్తే మరీ అవస్థ. కట్టెలకి తాడు కావాలి కదా. "తాడేదిరా?" అనేది అక్క. "నీకే తెలియాలి," అనేవాణ్ణి. చివరికి ఎవరో ఒకరం తెచ్చేవాళ్ళం, ఎక్కణ్ణుంచి తెచ్చావని రెండోవాళ్ళు అడిగేవాళ్ళు కారు. దీనికి తోడు పక్కగది అత్త ఒకర్తి. చిత్తూరు వైపు మనిషి, నోరు పెద్దది. నేను గదిలో ఒంటరిగా ఉంటే చాలు, పీట ఎక్కి బల్లల పైనుంచి తొంగి చూసేది. పొలంలోనూ ఆమె కళ్ళు నా మీదే. ఇంతటి ఇంటి బిడ్డని ఎన్నడూ చూసి ఉండదు పాపం అనుకుని నేను ఇంకాస్త నిటారుగా నిలబడేవాణ్ణి.

ఒక రోజు పొద్దున తాడు ఎక్కడా లేదు. బస్తా కింద, కుండలో, దూలం మీద, ఎక్కడా లేదు. అక్క అప్పటికే పార తీసుకుని వెళ్ళిపోయింది. ఆ వారం ఆడవాళ్ళకీ మాకూ ఒకే పొలం. నేను వెళ్ళేసరికి అందరూ చాళ్ళకి లైన్ల వైపున్న ఈ కొసన వంగి ఉన్నారు. అక్క మాత్రం పార భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా, ఏటివైపు నడిచిపోతోంది. పార అక్కడే పడేశాను. పరిగెత్తాను.

"యాడికి సామీ అట్ట పరిగెత్తతా ఉండావు? పంచె ఊడిపోతాది, సూసుకో!" అని అత్త అరిచింది. "ఏ మదరాసీ, తోర్ కామ్ కే కరీ?" అని సర్దారు కేకేశాడు, నీ పని ఎవడు చేస్తాడని. ఏటి గట్టు దగ్గర బురదలో కాలు జారి బోర్లా పడ్డాను. తలెత్తి చూస్తే అక్క ఏటికి వీపు పెట్టి, లైన్ల వైపు తిరిగి, వంగి కలుపు తీస్తోంది.

"ఈ కొసకెందుకొచ్చావే?" అన్నాను.

"పనికి. ఆ కొసన మొదలెడితే కళ్ళెదురుగా ఏరు. ఇక్కణ్ణుంచైతే మన గది రేకులు కనపడతాయి. ఒక్కో పార వేస్తే ఇంటికి ఒక్కో అడుగు దగ్గర. పైగా పనయ్యాక అంత దూరం ఊరికే వెనక్కి నడిచే బాధ తప్పుతుంది. వారం నుంచి ఇలాగే చేస్తున్నాను. నీ చూపు నేల మీద ఉంటే కదా!"

"తాడేది?"

అక్క పార ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "దొరకలేదా? మంచిదయింది. తాతగారి జరీకండువాలో చుట్టి పెట్టె అడుక్కి పెట్టాను. నువ్వు దాన్ని ముట్టుకోవు. ముట్టుకున్నా ఆయన గుర్తొస్తారు, ఆ పని చెయ్యవు."

"నేనా? నేను దాచింది నీ గురించి భయపడి! చీర కూడా ఇచ్చేశావు..."

"మరి అత్త ఊరికే కాపలా కాస్తుందట్రా నీకు?"

అక్క నవ్వింది. ఓడ ఎక్కాక ఆమె నవ్వడం అదే మొదలు. నేను మాత్రం తాతగారి మనవణ్ణి, బురదలో కూర్చుని ఏడ్చాను. నిజం రాయాలి కనక రాస్తున్నాను. మామిడిచెట్టు వైపు నేనూ రెండు మూడు సార్లు చూశాను. అలా చూస్తున్నానని అక్క కనిపెట్టేదాకా నాకే తెలియదు. "నీకెప్పుడూ అనిపించలేదా?" అని అడిగాను. "నువ్వేం చేసుకుంటావోనన్న భయంతో సరిపోయిందిరా. నాకు తీరికెక్కడిది?" అంది. నా సంగతీ అంతే మరి.

ఆ రోజు నా టాస్కు దండగైపోయింది, సర్దారు తిట్లు అదనం. మర్నాడు పార భుజాన వేసుకుని నేనూ ఏటివైపు కొసకి నడిచాను. "బాబుగారు అడ్డం తిరిగినాడే!" అని అత్త పొలమంతా వినపడేలా అంది. నేను లైన్ల వైపు తిరిగి నిలబడి ఆలోచించాను. ఆ రేకుల కింద నాకు అన్నం వండే మనిషి ఉంటుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆ వైపు వంగితే తాతగారి మాట తప్పినట్టు కాదు. వంగాను. ఆ రోజూ ముగించలేదు, ఆ వారమూ లేదు. మొదటి టాస్కు ముగిసిన రోజున ఇంకా వెలుతురు ఉంది, మా గుమ్మం పాతిక అడుగుల్లో ఉంది. తాడు దాచడం మాత్రం గిరిమిట్ ముగిసేదాకా ఇద్దరమూ మానలేదు. కాకపోతే దాచిన చోటు రెండోవాళ్ళకి చెప్పి దాచేవాళ్ళం.

అక్క నిండా బతికి, నా మునిమనవల్ని ఎత్తుకుని, తన మంచం మీద పోయింది. తాడు ఎక్కడ పెట్టానో చెప్పించుకునే మనిషి లేక నాకు కొన్నాళ్ళు తోచలేదు. మొన్న మనవడి భార్యకి చెప్పాను, బియ్యం డబ్బా వెనక చూడమ్మా అని. ఆ అయిదేళ్ళూ మొదటి కొసన నిలబడి చూసినప్పుడు ఏటి దాకా సాగి, ఎంతకీ తరగని చాలులా కనిపించాయి. ఇప్పుడు ఈ కొసకొచ్చి తిరిగి చూస్తే, ఆ ఏళ్ళు అక్క పిలిస్తే వినపడేటంత దూరంలోనే ఉన్నాయి.