షెడ్డు గుంజకు వేలాడే గోనె

మా చిన్నచెల్లెలు పోయిందన్న కబురు బాపట్లకు ఒక లారీ డ్రైవరు తెచ్చాడు. ఇంటి ముందు బండి ఆపి, తలకు చుట్టిన తువ్వాలు తీసి, "షెడ్డమ్మగారు పోయారండి. నా బండి కడుగుతూ కడుగుతూనే కూలబడ్డారు" అన్నాడు. లారీ ఒకవైపు తళతళలాడుతోంది. రెండోవైపు బురద అట్టలు కట్టి ఉంది. ఆ బండిలోనే తెనాలి వెళ్ళాను. దారంతా ప్రార్థన చేద్దామనుకున్నాను. బావగారే గుర్తొచ్చారు.

బావగారంటే చెల్లెలి భర్తకు అన్న. రేపల్లెలో బియ్యం మిల్లు ఆయనది. పేరు రాయను. షెడ్డుకు వెళ్ళినవాళ్ళకు ఎలాగూ తెలుసు.

చెల్లెలి భర్త, మా మరిది, తెనాలి కాలవగట్టున లారీలు కడిగే షెడ్డు నడిపేవాడు. పెట్రోలుతో లేచి కిరసనాయిలుతో ఆడే ఇంజను, దానికి బెల్టుతో పంపు, పైపు కొసన గన్ను. ఆ గన్నుతో కొడితే ఎంత మొండి బురదైనా ఊడిపడేది. అతను జబ్బుపడ్డప్పుడు షెడ్డు బావగారు చూశారు. అతను పోయేనాటికి గన్నులోంచి నీళ్ళు చొంగలా కారుతున్నాయి.

మరిదిని సమాధుల తోటలో పెట్టి వచ్చిన పూటే చర్చి సంఘం పెద్దల ముందు బావగారు తేల్చేశారు. "ఇంజను ముసల్దైపోయింది. ఆడమనిషి దాన్నేం లేపుతుంది? దసరా ముందురోజుకి లారీలు కడిగిందా, షెడ్డు ఆమెదే. లేదా, నాకొదిలెయ్యాలి."

ఆయుధపూజకు లారీలన్నీ కడిగించుకునే రోజది. పెద్దలు తల ఊపారు. ఆ షెడ్డు తప్ప చెల్లెలికి వేరే ఆధారం లేదు. మర్నాటి నుంచి ఊళ్ళో ఒక్క మెకానిక్కూ చెల్లెలి గడప తొక్కలేదు. "మీ బావగారు వద్దన్నారమ్మా" అని ఒకాయన మొహం మీదే చెప్పాడు.

చెల్లెలు ఇంజనూ పంపూ బండి మీద ఇంటికి తెప్పించి పెరట్లో దించింది. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి వెళ్ళాను.

"నీకేం తెలుసే దీని సంగతి?"

"ఆయన విప్పుతుంటే దీపం పట్టుకున్నది ఎవరక్కా?"

"ముందు తేలిక పని, బరువు పని తర్వాత" అనేది ఎప్పుడూ. వంటలోనూ అంతే. ప్లగ్గు విప్పి మసి గీకింది. పెట్రోలు పాత పంచెగుడ్డలో వడకట్టింది. తాడు చుట్టి లాగితే ఇంజను లేచింది. వేడెక్కాక కిరసనాయిలుకి తిప్పినా ఆగలేదు. "ముసల్దంట! నీకంటే గట్టిగా ఉందక్కా" అంది. బెల్టు బిగించింది. గన్ను బెజ్జంలో సూది పెట్టి చూసింది, శుభ్రంగానే ఉంది. అప్పుడు పంపు విప్పింది. లోపల తోలు వాషర్లు మాడిన అప్పడాల్లా ఉన్నాయి.

"నీళ్ళందకుండా ఆడించారు దీన్ని."

చెప్పులు కుట్టే ఆయన దగ్గర కొత్త తోలు కోయించి, ఆముదంలో నానబెట్టి బిగించింది. నీళ్ళు లాగడానికి ఒక పొట్టి పైపు తగిలించి, దాని కొస గోలెంలో పెట్టి ఆడిస్తే నీళ్ళు గోడ దాటి పక్కింటి అత్తయ్యగారి వడియాల మీద పడ్డాయి. "ఓసి నీ ఇంజను పాడుగానూ!" అని ఆవిడ కేకలు. ఇద్దరం నోట్లో కొంగు కుక్కుకున్నాం. మరిది పోయాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

షెడ్డుకు తీసుకెళ్ళి, కాలవలోంచి నీళ్ళు లాగే పైపుకు తగిలిస్తే మళ్ళీ చొంగే.

చెల్లెలు పైపు వెంట కాలవ దాకా చూసుకుంటూ వెళ్ళింది. "ఇంటి దగ్గర ఆడింది. ఇక్కడ ఆడట్లేదు. తేడా ఈ పైపొక్కటే" అని చీర ఎగ్గట్టి కాలవలోకి దిగింది. నీళ్ళలో మునిగే కొసకు జల్లెడ ఉంటుంది. నాచు రాకుండా మరిది దానికి పల్చటి గుడ్డ ఒక్క పొర కట్టేవాడు. ఇప్పుడు గోనెపట్టా రెండు మడతలేసి కట్టి ఉంది. మిల్లు మనిషికి గోనెను మించిన గుడ్డ లేదు కదా. వండ్రుమట్టి పట్టి అది రొట్టెలా గట్టిపడింది. కడిగితే ఎర్రరంగులో బావగారి మిల్లు ముద్ర బయటపడింది.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడే పెద్దల దగ్గరికి పోదామన్నాను.

"వద్దక్కా. ఆయన్నే రానీ."

ఓర్పు నాదంటారు అందరూ. అసలు ఓర్పు దానిది. పగ కూడా ఇంజను విప్పినంత నిదానంగా తీర్చుకుంది.

దసరా ముందురోజు బావగారు పెద్దల్ని వెంటేసుకుని తాళాల కోసం మిల్లు లారీలో వచ్చారు. షెడ్డు ముందు లారీల బారు, గన్ను హోరు. చెల్లెలు తల తిప్పకుండానే, "బావగారూ, కడిగించుకోవాలంటే వరసలో పెట్టండి" అంది. వెనక్కి తిప్పుకుందామంటే వెనక లారీలు వచ్చి ఆగాయి. పొద్దు వాలేదాకా ఎండలో ఉండిపోయారు. ఎదురుగా షెడ్డు గుంజకు, ముద్ర కనబడేలా, మేకు కొట్టిన ఆ గోనె.

"ఏంటమ్మా అది?" అని అడిగిన ప్రతి డ్రైవరుకూ ఒకటే జవాబు.

"మా బావగారి రిపేరండి."

పెద్దల్లో ఒకాయన దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆ గోనె ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. చేతుల జిడ్డు చింతపండుతో తోముకుని, ఆదివారం ఆరాధనకు బయల్దేరే ముందు దాన్నొకసారి దులిపేది. "క్షమించి తీసెయ్యవే" అని ఎన్నోసార్లు చెప్పాను. "నువ్వు ప్రార్థన చెయ్యక్కా. నేను మేకు చూసుకుంటా" అనేది.

మొన్న చెల్లెల్ని సమాధి చేసి వచ్చాక బావగారు కర్ర పొడుచుకుంటూ షెడ్డుకు వచ్చారు.

"అక్కయ్యగారూ, మీరు దైవభక్తి కలవారు. పోయిన మనిషితో పాటు అదీ పోనివ్వండి."

కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. ఆయన కోసం కూడా చేశాను. తర్వాత గోనె కిందికి దించాను. ఆయన మొహం తేటపడింది. దాన్ని ఎండలో దులిపాను. చిరిగిన అంచు లోపలికి మడిచాను. పాత మేకు వదులైంది. నాకు కబురు తెచ్చిన డ్రైవరునే ఇంకో మేకు అడిగి కొట్టాను.

ఆ డ్రైవరు లారీ ఇంకా సగం బురదతోనే ఉంది. కాలవ గాలికి గోనె మెల్లగా ఊగుతోంది. ఎర్రముద్ర రోడ్డు వైపే ఉంది.