దర్జీ అత్తగారి పరుగు

అరుణోదయానికే బూట్ల తాళ్లు బిగించి, ఆ దర్జీ అత్తగారు కోడలితో కలిసి వీధిలోకి దిగుతారు. పగలంతా మిషను తొక్కిన ఆ కాళ్లకు చల్లగాలి సోకగానే లేగదూడ ఉత్సాహం పుట్టుకొస్తుంది. వంతెన నుండి నీళ్ల ట్యాంకు వరకు ఒక్కసారైనా ఆగకుండా పరుగెత్తాలన్నది ఆవిడ సంకల్పం. నెలల తరబడి సాధన చేసినా అది సిద్ధించలేదు. లోపం ఊపిరిది కాదు, చంచలమైన నేత్రేంద్రియానిది. ముందు వెళ్లేవారి చొక్కా అంచు వంకరగా కనబడితే చాలు, నిలబెట్టి చెప్పనిదే ఆవిడకు అడుగు ముందుకు పడదు. "లోకంలోని కుట్లన్నీ మీ నెత్తినే పడ్డాయా అత్తయ్యా?" అని కోడలు నవ్వుతుంది.

ఈ ఉదయం ట్యాంకు కనుచూపు మేరలోకి వచ్చేసరికి, ముందు పరుగెత్తుతున్న భారీకాయుడి ప్యాంటు వెనుక కుట్టు పర్రున విచ్చుకుంది. "అయిపోయింది, ఇవాళ్టికింతే!" అని కోడలు నుదురు కొట్టుకుంది. అత్తగారి అడుగు తడబడింది. మరుక్షణమే ఆవిడ రెట్టింపు వేగంతో ఆయన పక్కకు చేరారు. "అన్నయ్యగారూ, వెనక కుట్టు ఊడింది, చొక్కా కిందికి లాక్కోండి!" అని పరుగులోనే చెప్పి, ఆయన సిగ్గుపడేలోగా దాటిపోయారు.

"ఆగండత్తయ్యా! ట్యాంకు ఎప్పుడో దాటేశాం!" కోడలు రొప్పుతూ అరిచింది.

"ఆగమంటావేమే? ఆగకుండానే చెప్పొచ్చని ఇప్పుడేగా తెలిసింది!" అంటూ ఆవిడ మలుపు తిరిగారు.