తెరుచుకోని కిటికీ

పందొమ్మిది వందల ఇరవైల్లో, పాడేరులో గుమాస్తాగిరీ వెలగబెడుతున్న ఆ రోజుల్లో, నా అంత తెలివైనవాడు ఘాట్‌కి పైన గానీ కింద గానీ లేడని నా గట్టి నమ్మకం. (వయసు ఇరవై రెండు. జీతం తక్కువ, గీర ఎక్కువ.) కాపురానికొచ్చిన మొదటి వానల్లోనే నా భార్యకు మన్యం చలిజ్వరం పట్టుకుంది. మామగారు వచ్చి, చోడవరం దగ్గరున్న వాళ్ల ఊరికి తీసుకుపోయారు. జ్వరం తగ్గింది, చలికాలం వచ్చింది, పిల్ల మాత్రం రాలేదు. ఉత్తరం రాద్దామా అంటే, ఆ ఇంటికొచ్చిన ప్రతి ఉత్తరాన్నీ మామగారు అరుగు మీద కూర్చుని పదిమందికీ వినబడేలా చదివేవారు. అందులో నా బెంగ ఎలా రాయను? "ఇక్కడ అందరం క్షేమం" అని రాసి ఊరుకునేవాణ్ణి. (అందరం అంటే నేనూ, అన్నం కుండా.)

అలాంటప్పుడు మా దొర బల్ల మీద సీమనుంచొచ్చిన పండగ కార్డు కంటబడింది. రంగు కాగితాలు కత్తిరించి, పొరమీద పొర అతికించి, పువ్వులు పైకి లేచినట్టు చేశారు. నాకు రంగు కాగితాలెక్కడివి? ఆఫీసు సిరా ఉంది, సంతలో కొన్న చిలగడదుంపలున్నాయి. దుంపను అడ్డంగా కోసి పువ్వు అచ్చు చెక్కాను. దళసరి కాగితం మీద ఒక పువ్వు అద్ది, అది ఆరాక అదే ఆకారంలో కత్తిరించిన చిత్తుకాగితం దానిమీద కప్పి, కాస్త ఆనుకునేలా ఇంకోటి అద్దితే, రెండోది మొదటిదాని వెనక నక్కినట్టు వచ్చేది. అలా పువ్వుల వెనక ఆకులు, ఆకుల వెనక మూసిన కిటికీ. తలుపుల అంచు వెంట నీళ్లు కలిపిన సిరాతో సన్నగా నీడ గీశాను. తీరా చూస్తే ఆ తలుపుని నేనే గోటితో తీయబోయాను! (మిగిలిన దుంప ముక్కలు ఉడకేసుకు తిన్నాను. రెండు రోజులు నాలుక నీలంగా ఉంది.) ఒక్క అక్షరం రాయకుండా కవర్లో పెట్టి నా భార్య పేర పంపేశాను. ఇప్పుడు చదవండి మామగారూ అనుకుని తెగ నవ్వుకున్నాను.

పదిహేను రోజులకు నా గుమ్మంలో బండి ఆగింది. ముందు మామగారు దిగారు, వెనక నా భార్య. ఆయన కాళ్లయినా కడుక్కోకుండా కార్డు నా మొహం ముందు పెట్టారు. కిటికీ మూల చిరిగి, సిరా అంతా కారిపోయి ఉంది.

"ఏటి బాబూ, ఈ తలుపు లోపల ఏటి రాసినావు? గోటితో గీకినాను, రానేదు. మీ అత్త గంజి ఆవిరికి పట్టింది, ఊడనేదు. నీకేదో జబ్బు ముదిరిపోయి ఆఖరి మాటలేవైనా రాసినావేమోనని మా గుంట ఒకటే ఏడుపు. రెండు రోజులు బండి మీద నా నడుం ఇరిగిపోయింది!"

లోపల ఏమీ లేదంటే, తనను ఆటపట్టించానని ఆ క్షణమే కూతుర్ని మళ్లీ బండెక్కిస్తారు. ఉందంటే ఏముందో చెప్పాలి.

"సెప్పవేటి? సెప్పకపోతే పిల్లని తీసుకెళ్లిపోతాను."

"నాను సదివీసినాను నాన్నా," అంది నా భార్య, తల వంచుకునే.

"ఎప్పుడే?"

"నువ్వు గీకకముందే. అది నాకు రాసింది. నీకు సెప్పకూడదు."

మామగారు కూతుర్నోసారి, నన్నోసారి చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఆ ముక్క ఇంటికాడే సెప్పొచ్చు కదే!" అని గొణుక్కుంటూ పెరట్లోకి నడిచారు. మర్నాడు పొద్దున్నే ఒక్కరే కొండ దిగి వెళ్లిపోయారు.

బండి మలుపు తిరగ్గానే అడిగాను, మరి ఆ ఏడుపేమిటని.

"ఏడవకపోతే మా నాన్న బండి కడతాడేటి?" అంది. ఆనక కార్డు వెనక్కి తిప్పి కలం నా చేతిలో పెట్టింది. "లోపల ఏటి రాద్దామనుకున్నారో, ఇప్పుడు రాయండి."

ఒట్టి కాగితం మీద తలుపులు మొలిపించిన ఘనుణ్ణి, "నువ్వు లేకపోతే నాకేమీ తోచదు" అన్న ఒక్క ముక్క రాయడానికి సాయంత్రం దాకా కూర్చున్నాను. రాసి, తను ఎదురుగా నిలబడి ఉండగానే, దానిమీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ గీరమనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, చెయ్యి తియ్యడానికి వాడెంత సిగ్గుపడ్డాడో!