ఉల్లిగడ్డ పొట్టా, లోపలి పొరా?

2023 ఎండాకాలం. జగిత్యాలలో మా అత్తగారింటి మేడ మీద ఒక గది, అందులో కూలరు పక్కన ఒక టేబుల్, దాని మీద ఒక లాప్‌టాప్, రెండు పాత ఫోన్లు. నా ఆఫీసంటే అదే. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే యాక్సెసిబిలిటీ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. కళ్లు కనపడనివాళ్లు, చెవులు వినపడనివాళ్లు, చేతివేళ్లు సరిగ్గా ఆడనివాళ్లు ఒక వెబ్‌సైటును ఎవరి సాయమూ లేకుండా వాడుకోగలరా అని పరీక్షించి, ఎక్కడ ఆగిపోతున్నారో రాసివ్వడం నా పని.

ఈ సంగతి మా అత్తమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఆమె దాన్ని వాడకట్టంతా చెప్పడానికి ఒక్క పూట పట్టింది. "మా కోడలు వికలాంగుల టెస్టు చేస్తది" అని చెప్పింది. వారం తిరక్కుండానే ఎక్స్‌రే కవర్లు పట్టుకుని ముగ్గురు మా గేటు ముందు నిలబడ్డారు. అందులో ఒక పెద్దాయన మోకాలు చూపిస్తూ, "నలభై శాతమని రాయి బిడ్డా, పింఛనికి గంతైతె సాలు" అన్నాడు. నేను వెబ్‌సైట్లు మాత్రమే చూస్తానని బతిమాలి చెప్పాను. "గదే బిడ్డా, ఆన్‌లైన్‌లనే రాయి" అన్నాడు.

అలాంటి రోజుల్లో కంపెనీ నాకు సిరిసిల్ల పని ఒకటి అప్పజెప్పింది. సత్తయ్య సేటుకు అక్కడ మరమగ్గాలున్నాయి, చీరల దుకాణమూ ఉంది. కొత్తగా వెబ్‌సైటు పెట్టించాడు. విదేశంలోని ఒక పెద్ద దుకాణం వాళ్లు, ఆ సైటును వికలాంగులు కూడా వాడగలరని రిపోర్టు తెస్తేనే నీ చీరలు తీసుకుంటామన్నారట. ఆయనకు అది అర్థం కాలేదు గానీ, రిపోర్టు కావాలి.

"గుడ్డోళ్లు చీరలు సూసి కొంటరా అమ్మా? చెవిటోని ముందట శంఖం ఊదినట్టే గదా!" అన్నాడు మొదటిసారి ఫోన్లో. చూపు లేనివాళ్ల సంగతికి చెవిటివాడి సామెత ఎందుకు సేటూ అని అడగలేదు. కొత్త క్లయింటు.

మేం పరికరాలతో చేసే పరీక్షలు అయ్యాక, చివరికి నిజంగా చూపు లేని ఒక మనిషి చేత సైటు వాడించి చూస్తాం. దాన్ని యూజర్ టెస్టింగ్ అంటాం. దానికి నాకు వెంటనే గంగామణి అక్క గుర్తొచ్చింది. కోరుట్ల నా పుట్టిల్లు. మా అమ్మీ వాళ్ల గల్లీ చివర పిండి గిర్ని ఆమెదే. ఏడేళ్లప్పుడు జ్వరమొచ్చి చూపు పోయింది. గిర్ని చప్పుడు కాస్త మారితే రాయి అరిగిందని చెప్తుంది. పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి బరకగా ఉందో లేదో తేలుస్తుంది. ఫోన్లో స్క్రీన్ రీడర్ వాడుతుంది. తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడ ఉన్నదాన్ని అది పైకి చదువుతుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు.

విషయం చెప్పగానే ఆమె షరతు పెట్టింది. "ఉత్తుత్త టెస్టు నేను చెయ్య షబానా. కొంటె నిజంగనే కొంట. మా అన్న బిడ్డ పెండ్లి ఇంక నెలరోజులున్నది. నేనే ఏరుకొని, నా చేతులతోని కొన్న చీర కట్టుకోవాలె. నడుమ ఎవ్వరు ఏలు పెట్టద్దు."

ఎందుకంత పట్టుదల అంటే, ఇన్నేళ్లుగా ఆమెకు చీరలు తెచ్చేది వాళ్ల వదినె. ఈ మధ్య గంగామణి అక్క ఫోన్లో రంగు చెప్పే యాప్ వేయించుకుంది. సరదాకి పెట్టె తెరిచి ఒక్కో చీర మీద కెమెరా పెట్టింది. "బ్రౌన్" అంది ఫోను. ఇంకోటి పెడితే మళ్లీ "బ్రౌన్". మూడోది "డార్క్ బ్రౌన్". తొమ్మిది చీరలకు తొమ్మిదీ అంతే. యాప్ చెడిపోయిందేమోనని వంటింట్లోకి వెళ్లి పసుపు డబ్బా మీద పెట్టిందట. "యెల్లో" అంది.

"మాపు కనవడదని తెచ్చిన, తప్పేంది?" అని వదినె వాదన.

"గిర్నిల మీదవడేది తెల్లపిండి వదినె! మట్టిరంగు మీద తెల్లపిండి కనవడదా?"

ఆ వదినె చెడ్డ మనిషి కాదు. గంగామణి అక్కకు ఒంట్లో బాగాలేకపోతే పొద్దున్నే లేచి విడిగా జావ కాచే మనిషి. చూపు లేనిదానికి రంగుతో ఏం పని అని మాత్రం అనుకుంది. అలా అనుకున్నది ఆమె ఒక్కతే కాదని ఆ తర్వాత నాకే తెలిసొచ్చింది.

మొదటి పరీక్ష గిర్నిలోనే, కరెంటు పోయిన మధ్యాహ్నం. యూజర్ టెస్టింగ్‌లో టెస్టరు నోరెత్తకూడదు, ఫోన్ ముట్టకూడదు. నేను చేతులు కట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. అక్క సైటు తెరిచింది. చీరల ఫొటోలకు పేర్లు లేవు కాబట్టి ఫోను ఫైలు నంబర్లు చదవడం మొదలుపెట్టింది. "ఐ ఎం జి రెండు సున్నా నాలుగు ఏడు. బటన్. బటన్. ఐ ఎం జి రెండు సున్నా నాలుగు ఎనిమిది. బటన్. బటన్."

గోధుమల సంచి మీద కూర్చున్న ఒక ముసలాయన చాలాసేపు ఓపిక పట్టి, "చీరలంటిరి, గుండీలమ్ముతున్నరా బిడ్డా?" అని అడిగాడు.

వదినె వచ్చి చెయ్యి చాపింది. "తే ఇటు, నేను నొక్కుత."

"ముట్టకు వదినె. పరీక్ష నడుస్తున్నది. నువ్వు చెప్తె కాపీ కొట్టినట్టయితది."

అక్క తెగించి పేరు లేని బటన్లలో ఒకదాన్ని నొక్కింది. ఫోన్లోంచి ఒక్కసారిగా మగగొంతు వచ్చింది. "హలో, ఎవరు?"

"ఇదేంది, దీని గొంతు మారింది?" అంది అక్క.

అది దుకాణానికి కాల్ చేసే బటన్. అవతల ఉన్నది సత్తయ్య సేటు. సంగతి తెలిశాక అక్క తగ్గలేదు. "నేను చీర కొనే మనిషిని. నీ చీరలకు పేర్లు లేవు సేటూ."

"పేర్లెందుకక్కా, ఫొటోలున్నయి గద?"

"నీ ఫొటోలకు నోళ్లు లేవు. నాకెట్ల ఎర్కైతది?"

ఆ వారం నేను బస్సెక్కి సిరిసిల్ల వెళ్లాను. ఆల్ట్ టెక్స్ట్ అంటే ఏమిటో సేటుకు చెప్పాను. ఫొటో వెనక మనం రాసిపెట్టే నాలుగు మాటలు. చూసేవాళ్లకు కనపడవు, స్క్రీన్ రీడర్ మాత్రం చదివి వినిపిస్తుంది. ఆయన ముఖం వెలిగిపోయింది. "గంతేనా! ముప్పై ఏండ్ల సంది చీర గురించి చెప్పుడే నా పని. ఎవ్వరద్దు, నేనే రాస్త."

రాశాడు. మళ్లీ గిర్నిలో కూర్చుని విన్నాం. ఫోను ఎత్తుపల్లాలు లేని గొంతుతో, ఊపిరి తీసుకోకుండా ఇలా చదివింది: "రండి అక్కా రండి కూసోండి మంచినీళ్లు తాగుతరా తొందరేం లేదు గీ చీర సూడుండ్రి మీ మొఖానికి ఎంత ముద్దుగున్నదో అద్దంల సూసుకోండ్రి కొనకున్నా మంచిదే..."

ఒక్క చీరకు రెండున్నర నిమిషాలు. పిండి పట్టించుకున్నవాళ్లు కూడా ఇళ్లకు పోకుండా డబ్బాల మీద కూర్చుని విన్నారు.

"గీయన చీర అమ్ముతున్నడా, ఒగ్గుకథ చెప్తున్నడా?" అని అక్క కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత గంభీరంగా అడిగింది. "అంత బాగనే ఉన్నది గని, రంగేంది?"

మళ్లీ విన్నాం. రెండున్నర నిమిషాల్లో ఎక్కడా రంగు లేదు. కళ్ల ముందు చీర పరిచి మాట్లాడే మనిషికి రంగు చెప్పే అవసరం ఎప్పుడూ రాలేదు.

పొట్టిగా రాయమన్నాను. ఈసారి మరీ పొట్టిగా రాశాడు. ఆనియన్ పింక్, గోల్డ్ బార్డర్. పిస్తా, సిల్వర్ బార్డర్. పీచ్, మల్టీ. నేను మళ్లీ సిరిసిల్ల వెళ్లి ఆయన దుకాణంలో కూర్చున్న రోజే గంగామణి అక్క ఫోన్ చేసింది. సేటు స్పీకర్‌లో పెట్టాడు.

"సేటూ, ఆనియన్ పింక్ అంటె ఏంది?"

"ఉల్లిగడ్డ రంగక్కా."

"పొట్టా, లోపలి పొరా?"

సేటు నా వైపు చూశాడు. నేను సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాను.

"లోపలి పొరనే అక్కా" అన్నాడు, నమ్మకం లేకుండా.

"లోపల నడుమ తెల్లగుంటది. అంచుకు ఎర్రగుంటది. ఏ పొర? నేను ఏడేండ్ల దాక ఉల్లిగడ్డ సూసిన సేటూ, నాకు యాదికున్నది."

ఆయన లోపలికి కేకేశాడు. "ఏమే, ఒక ఉల్లిగడ్డ, కత్తి పట్టుకరా!" భార్య అయోమయంగా తెచ్చిచ్చింది. చీరలు పరిచే తెల్లపరుపు మీదే కూర్చుని కోశాడు. ఒక్కో పొర ఊడదీసి చీర పక్కన పెట్టి చూస్తుంటే కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. చీరలు కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, సేటుకు ఏం కష్టమొచ్చిందోనని లేచి నిలబడ్డారు.

"అక్కా," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ, "పొట్టు తీసినంక మొదటి పొర. దాని మీది దిక్కు."

"ఆఁ, గిప్పుడు సమజైంది. గది నాకొద్దు. ఇంకోటి చెప్పు."

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. చీరను వెలుతురులోకి పట్టుకుని, "ముప్పై ఏండ్ల సంది అమ్ముతున్న. గీ మాట నన్ను ఎవ్వరు అడగలే" అన్నాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు వాళ్లిద్దరూ ఫోన్లోనే కూర్చుని మొత్తం చీరలకు మాటలు రాశారు. పిస్తా పోయి నానిన పెసలు వచ్చాయి. పీచ్ పోయి పండిన బొప్పాయి ముక్క వచ్చింది. అంచు ఎన్ని వేళ్ల వెడల్పు, జరీ ఒంటికి గుచ్చుకుంటుందా, ఉతికితే మెత్తబడుతుందా అన్నీ చేర్చారు. కళ్లున్నవాళ్లకు కూడా పనికొచ్చే సంగతులవి. సైటు కట్టినవాళ్లు బటన్లన్నిటికీ పేర్లు పెట్టారు.

పెళ్లికి పది రోజుల ముందు గంగామణి అక్క గిర్ని ఆపి, ఫోన్ పట్టుకుని కూర్చుంది. నేను చేతులు కట్టుకున్నాను. వదినె కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క చీరలన్నీ వింది, వెనక్కి వెళ్లి ఒకటి మళ్లీ వింది, చిరునామా చెప్పింది, ఆర్డర్ బటన్ తట్టింది. "మీ ఆర్డర్ అందింది" అని ఫోను చెప్పగానే గిర్నిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

అరగంటకు సేటు నాకు విడిగా ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అమ్మా, ఆమె ఏరుకున్నది సూసినవా? చిలకపచ్చ మీద నారింజ గళ్లు, వంగపండు అంచు, కొంగుకు తంగేడుపువ్వు రంగు. గది మిగిలిన నూలుతోని నేయించింది. రెండేండ్ల సంది ఎవ్వరు ముట్టలే. మా ఇంటామె సుత అద్దన్నది. గా ఉల్లిగడ్డ చీర పంపుత, గదే ధరకు. ఆమెకేం ఎర్కైతది? పాపం, పెండ్లిల నలుగురు నవ్వద్దు గద."

నిజం చెప్పాలంటే నేను సరే అనబోయాను. ఆయన మంచికే చెప్తున్నాడు. లాప్‌టాప్‌లో ఆ చీర చూశాను, చూడగానే కళ్లు మూసుకున్నాను. ఉల్లిగడ్డ చీర ఎంత బాగుందో. కానీ "ఆమెకేం ఎర్కైతది" అన్న మాట దగ్గర నా నాలుక ఆగింది. ఆ తొమ్మిది చీరలూ ఆ మాట మీదే కొన్నవి. వదినెను చూసి నవ్వుకున్న నేను, ఇంకొక్క క్షణమైతే పదో చీర నేనే కొనిపెట్టేదాన్ని. చాలా సిగ్గేసింది.

"వద్దు సేటూ. ఉన్నదున్నట్టు ఆమెకే చెప్పుండ్రి. అయినా ఆమె ఫోన్‌ల రంగు చెప్పే యాప్ ఉన్నది."

"అవునా!" అని ఉలిక్కిపడి, వెంటనే ఆమెను కూడా అదే కాల్‌లో కలిపాడు. నీళ్లు నమిలి నమిలి అసలు సంగతి చెప్పాడు.

గంగామణి అక్క అంతా వింది. "రెండేండ్ల సంది ఒక్కలన్న కొనలేదా?"

"లేదక్కా. అబద్ధమెందుకు."

"అట్లయితె పెండ్లిల గసొంటిది ఇంకోటి ఉండది. పంపు."

పెళ్లి కోరుట్లలోనే, ఫంక్షన్ హాల్లో. నేను గేటు దగ్గరే ఆమెను గుర్తుపట్టాను, అసలు ఎవరైనా గుర్తుపట్టేవారు. వీడియో తీసే అతను ఆమె వైపు తిరిగిన ప్రతిసారీ కెమెరాలో ఏదో సరిచేసుకున్నాడు. వదినె నా చెవిలో, "సదువుకున్నదానివి, నువ్వన్న చెప్పద్దా?" అంది. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి "గీ చీర ఎవలు తెచ్చిన్రు?" అని అడుగుతుంటే, గంగామణి అక్క ప్రతిసారీ తల పైకెత్తి "నేనే తెచ్చుకున్న" అని చెప్పింది. అడగనివాళ్లకు కూడా చెప్పింది.

భోజనాల దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "నిజం చెప్పు షబానా. ఎట్లున్నది?"

"బాగలేదక్కా."

విస్తళ్లు కదిలేంత గట్టిగా నవ్వింది. "నేను సూసిన రంగులల్ల గట్టిగ యాదికున్నయి గవే నాలుగు. నాలుగు ఒక్క చీరల దొరికినయి. ఇడిచిపెడుతనా?"

ఆ చీర కొంగును మళ్లీ ఒకసారి చూశాను, ఈసారి కళ్లు మూసుకోకుండా.

మర్నాడు జగిత్యాల వచ్చి రిపోర్టు ముగించాను. అప్పటిదాకా నా పనంటే, చూడలేనివాళ్లకు మంచివి చేరేటట్టు చూడడం అనుకునేదాన్ని. మంచివేవో మనమే తేల్చి చేతిలో పెట్టడం వదినెకూ వచ్చు, సేటుకూ వచ్చు. అందరి ముందూ పరిచినవన్నీ వాళ్ల ముందు కూడా పరిచి, మనం చేతులు కట్టుకుని కూర్చోవడమే కష్టం. ఆ కష్టానికే నాకు జీతమిస్తున్నారని ఆ కేసుతో తెలిసింది.

మా రిపోర్టుల్లో సైటులో దొరికిన ప్రతి తప్పునూ డిఫెక్ట్ అని నంబరు వేసి రాస్తాం. చివర రిమార్కుల గడి ఒకటి ఉంటుంది. మామూలుగా ఖాళీగా వదిలేస్తాను. ఆ రోజు అందులో ఇలా రాసి పంపాను: "యూజర్ తనకు నచ్చిన చీర తానే కొనుక్కున్నారు. చీర టెస్టరుకు నచ్చలేదు. అది డిఫెక్ట్ కాదు."