అత్త చెప్పిన పోగుల లెక్క

మా మేనత్తది తిరుత్తణిలో నేతపని. ఏ గుడ్డ కనబడినా దాని మూల రెండు వేళ్లతో పట్టుకుని ఏటవాలుగా లాగి చూడటం ఆమెకు అలవాటు. పలకరించే ముందు నా చొక్కా కొసను కూడా అలాగే లాగేది.

డెబ్బైల చివర్లో స్నేహితులం ముగ్గురం తిరువళ్లూరులో ఒక షెడ్డులో రేసు కారు తయారు చేశాం. బరువు తగ్గాలని బాడీకి రేకు బదులు ఫైబర్‌గ్లాసు గుడ్డను పొరలుగా పరిచి జిగురు పట్టించాం. చోళవరం పాత రన్‌వే మీద తొలి పందెం సగంలోనే కారు ముందుభాగం చీలిపోయింది. మిగిలిన ఇద్దరూ ఇక వదిలేద్దామన్నారు. నేను ఆ చీలిన ముక్కను రైల్లో అత్త దగ్గరికి తీసుకుపోయాను.

ఆమె అంచును వేలితో తడిమి చూసింది. "పొరలన్నీ ఒకే పక్కకు పరిచినారే నాయనా. మూలకు లాగితే ఏ గుడ్డైనా సాగతాది. ఒకటి నేరుగా, దానిమీద ఇంకొకటి ఏటవాలుగా వేయండి" అంది.

అలాగే చేశాం. రెండో పందెంలో బాడీ నిలిచింది గానీ ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. గాలి పోయే కంతలు పెద్దవి చేశాం. ఆ సీజను ఆఖరి పందెంలో కారు చివరిదాకా పరుగెత్తి ఐదోదిగా వచ్చింది.

ఆ సంగతి చెబితే అత్త, "మొత్తం ఎన్ని బండ్లు?" అని అడిగింది.

"ఎనిమిది, అత్తా."

"అయితే మూడు మీ ఎనకే వచ్చినాయి. వచ్చే ఏడాదికి గుడ్డ నేనే కత్తిరిస్తాను, తెచ్చి ఈడ పెట్టు."

ఆ ఆదివారమే ముగ్గురం గుడ్డ చుట్ట మోసుకుని తిరుత్తణి రైలెక్కాం.